ఒకే పోస్టుకు ఇద్దరం

మా స్టాఫ్‌రూంలో ఇప్పుడు టెట్, అంటే టీచర్ల అర్హత పరీక్ష, తప్ప వేరే ముచ్చట లేదు. 2025 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు తీర్పు వచ్చినప్పటి నుంచి ఇదే వరస. రిటైర్మెంట్‌కు ఐదేళ్ల కంటే ఎక్కువ సర్వీసున్న టీచర్లు రెండేళ్లలోపు టెట్ పాసవ్వాల్సిందేనట. టెట్ అనే పరీక్ష పుట్టకముందే డీఎస్సీ (సర్కారు టీచరు పోస్టుల పరీక్ష) కొట్టి, ఏళ్ల తరబడి పాఠాలు చెబుతున్న మా సోషల్ సారు లంచ్ బాక్సు పక్కకు జరిపి "మేడం, ఈ పియాజే దశలు ఎట్ల గుర్తువెట్టుకున్నరు మీరు?" అని అడుగుతున్నారు. పదో తరగతికి ఏటా మంచి రిజల్ట్ తెచ్చే మనిషి ఆయన. ఇద్దరు పిల్లల్ని పెంచి ఇంజినీరింగ్ చదివించి, ఇప్పుడు పిల్లల మనసు ఎదిగే దశలను 'ఇంద్రియ చాలక దశ, పుట్టుక నుంచి రెండేళ్లు' అని బట్టీ పెడుతుంటే నవ్వాలో బాధపడాలో తెలియదు.

నా పాత నోట్సు ఉంటే ఇమ్మన్నారు. ఇంట్లో సజ్జ మీద వెతికితే దొరికింది. సగం నా చేతిరాత, సగం తిప్పర్తి చేతిరాత.

తిప్పర్తి అంటే నల్లగొండ దగ్గరి ఊరు. మాకు మాత్రం మనిషి. బీఈడీ చదివేటప్పుడు నల్లగొండ రామగిరిలో ఒక మేడ మీద గదిలో నలుగురం ఉండేవాళ్లం. ఒకరినొకరు ఊరిపేర్లతోనే పిలుచుకునేవాళ్లం. నేను చండూరు. ఇంకొకామె నకిరేకల్. పెళ్లయి, ఒక బాబును తల్లిగారింట్లో వదిలి వచ్చినామె దేవరకొండ అక్క. ఇప్పటికీ నా ఫోన్‌లో తిప్పర్తి నంబరు ఆ పేరుతోనే ఉంది. మా ఆయన చూసి మొదట్లో ఎవరో ఆటో డ్రైవరనుకున్నాడు.

మేం బీఈడీ చేసింది 2009-10లో. అప్పుడది ఒక్క ఏడాది కోర్సే. రెండేళ్లది 2015 నుంచి వచ్చింది. ఇప్పటి పిల్లలకు చెబితే "మీకు మంచిగుండె మేడం" అంటారు. మంచిగేమీ లేదు, రెండేళ్ల రికార్డులు ఒక్క ఏడాదిలో రాసినట్టే. బీఈడీ ప్రవేశ పరీక్ష ఎడ్‌సెట్‌లో 150 మార్కులకు 100 సబ్జెక్టుకే కాబట్టి ఎంపీసీ డిగ్రీ వాళ్లం ధీమాగా వెళ్లాం. సీటు వచ్చాక తెలిసింది, సబ్జెక్టు వస్తే పాఠం చెప్పడం వచ్చినట్టు కాదని. లెక్కలు, ఫిజికల్ సైన్స్, రెండూ మా మెథడ్లే.

మైక్రో టీచింగ్ మొదటి రోజులు తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఆరు నిమిషాల పాఠం. ఎదురుగా కూర్చున్న పిల్లలెవరయ్యా అంటే మన క్లాస్‌మేట్లే. గడ్డాలు మీసాలున్న వాళ్లు ఎనిమిదో తరగతి పిల్లల్లాగా చేతులు కట్టుకొని "టీచర్ టీచర్" అని చెయ్యెత్తేవాళ్లు. ఆ ఆరు నిమిషాల్లో ఒక్క నైపుణ్యమే చూపించాలి. ఒకరోజు పాఠ్య ప్రవేశం, ఒకరోజు ప్రశ్నించడం, ఒకరోజు నల్లబల్ల పని. ఆరు నిమిషాలు చెప్పడం, ఆరు నిమిషాలు వాళ్లు లోపాలు చెప్పడం, పన్నెండు నిమిషాల్లో మళ్లీ ప్లాన్ రాసుకోవడం, మళ్లీ చెప్పడం, మళ్లీ లోపాలు వినడం. తిప్పర్తి నల్లబల్ల వైపు తిరిగితే క్లాసు వైపు తిరిగేది కాదు. బోర్డుకే పాఠం చెప్పేది. మా లెక్చరర్ "అమ్మా, నల్లబల్లకు అర్థమైంది, ఇగ పిల్లలకు చెప్పు" అన్నారు. ఆ మాట చాలాకాలం మా గదిలో సామెతలాగా నడిచింది.

టీచింగ్ ప్రాక్టీసు మాత్రం అసలు చదువు. పొద్దున ప్రార్థనకే బడిలో ఉండాలి. చేతిలో చుట్టిన డ్రాయింగ్ షీట్ చార్టులు, సంచిలో లెసన్ ప్లాన్ రిజిస్టరు. ఆ రిజిస్టరులో గడులు కొట్టుకోవడానికే ఒక రాత్రి పోయేది. లక్ష్యాలు, స్పష్టీకరణలు, ఉపాధ్యాయ కృత్యం, విద్యార్థి కృత్యం, బోధనోపకరణాలు, మూల్యాంకనం. విద్యార్థి ఏం జవాబు చెబుతాడో కూడా ముందే మనమే రాసుకోవాలి. పిల్లలు ఆ జవాబు చెప్పరు కదా. చెప్పే వరకు అడిగేవాళ్లం.

తిప్పర్తికి పానగల్లు వైపు బడి వచ్చింది. పాఠం కాంతి. చార్టు మీద బాణం గుర్తులు గీసి చెబితే అయిపోయేదానికి, ఆమె పిల్లల్ని వరుసగా నడిపించుకొని ఛాయా సోమేశ్వరాలయానికి తీసుకుపోయింది. కుందూరు చోడుల కాలం నాటి గుడి. మూడు గర్భగుళ్లుంటాయి. అందులో ఒకదాంట్లో లింగం వెనక గోడ మీద స్తంభం నీడ పొద్దంతా కదలకుండా ఉంటుంది. ఊరి పిల్లలకది చిన్నప్పటి నుంచి చూసినదే, దేవుడి మహిమ అనుకునేదే. తిప్పర్తి "ఇది ఏ స్తంభం నీడ? పట్టుకొని చూపించండ్రి" అంది. ఆ రోజు ఆమె పాఠం చూసి అబ్జర్వేషన్ రాయడానికి నేనూ వెళ్లాను. ఒక పిల్లగాడు మండపంలో స్తంభం తర్వాత స్తంభాన్ని వాటేసుకుంటూ పోయాడు. ప్రతిసారి గర్భగుడి దగ్గరున్న వాళ్లు "అది గాదురా" అని అరుస్తున్నారు. అన్నీ అయిపోయాక వాడు నడుం మీద చేతులు పెట్టుకొని నిలబడి, "టీచర్, స్తంభమే లేదు, నీడున్నది" అన్నాడు.

అప్పుడు మొదలుపెట్టింది ఆమె. ఎండ నేరుగా లోపలికి పడట్లేదు. స్తంభాల సందుల్లోంచి చెదిరిన వెలుగు రెండు పక్కల నుంచి వస్తోంది. రెండింటికీ నడుమ వెలుగు తక్కువ పడ్డ చోటు మనకు స్తంభం నీడలాగా కనిపిస్తోంది. సూర్యుడు ఎటు జరిగినా ఆ సందులు జరగవు కాబట్టి నీడా జరగదు. ఇదంతా ఆమె చెప్పలేదు, ప్రశ్నల మీద ప్రశ్నలు వేసి వాళ్లతోనే చెప్పించింది. బోర్డుకు పాఠం చెప్పిన పిల్లేనా అని నేను నోరు తెరుచుకొని చూశాను. అబ్జర్వేషన్ రికార్డులో 'సూచనలు' అనే గడిలో ఏం రాయాలో తోచక ఖాళీగా వదిలేశాను. దానికి నాకు మార్కులు తగ్గాయి.

నాకు వచ్చిన బడి మునుగోడు దిక్కు. పదో తరగతికి మూలకాల వర్గీకరణ చెప్పాలి. ఆవర్తన పట్టిక చార్టు రంగురంగులుగా వేసుకొని పోయాను. హాలోజన్ల గ్రూపు దగ్గరికి వచ్చి "ఫ్లోరిన్, క్లోరిన్, బ్రోమిన్" అని కట్టెతో చూపిస్తుంటే మూడో బెంచిలో ఒక అమ్మాయి చెయ్యెత్తింది. ఆ పిల్ల మాట్లాడినప్పుడు ఎప్పుడూ చున్నీ కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. మొదటి రోజు అది సిగ్గనుకున్నాను. "టీచర్, మా నీళ్లల్ల ఉన్నది ఇదేనా?" అంది. క్లాసంతా గప్‌చుప్.

ఆ ఊళ్లో చాలామంది పిల్లల పళ్ల మీద గోధుమరంగు చారలుండేవి. పెద్దల్లో నడుం వంగి, కట్టె లేకుండా నడవలేనివాళ్లు ఉండేవారు. లీటరు నీటిలో ఫ్లోరైడు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దని లెక్క. మా దిక్కు బోర్లలో అది ఎప్పుడో దాటిపోయింది. చండూరులో పుట్టిన నాకు ఇవన్నీ కొత్త కాదు. అయితే పుస్తకంలోని ఫ్లోరిన్, మా బోరింగు నీళ్లు ఒకే పాఠమని నాకూ అప్పటిదాకా తట్టలేదు. చార్టు పక్కన పెట్టేశాను. ఫ్లోరిన్‌కు ఒక్క ఎలక్ట్రాన్ తక్కువ, దానికోసం దేన్నైనా పట్టుకుంటుంది, నీళ్లలో ఫ్లోరైడుగా వచ్చినప్పుడు మన పళ్లల్లో ఎముకల్లో ఉన్న కాల్షియంతో కలుస్తుంది అని చెప్పుకుంటూ పోయాను. పిల్లలు వాళ్ల తాతల గురించి, నాయినమ్మల గురించి చెప్పారు. బెల్లు కొట్టినా ఎవరూ లేవలేదు.

అబ్జర్వేషన్‌కు వచ్చిన లెక్చరర్ మాత్రం ప్లాన్‌లో రాసిన మూల్యాంకన ప్రశ్నలు అడగలేదని ఎర్ర సిరాతో గీశారు. ఆయన తప్పు కూడా కాదనుకుంటా, ఆయనకున్న ఫారంలో ఆ గడే ఉంది. ఆ రాత్రి తిప్పర్తి నా రిజిస్టరు తీసుకొని, ఆ ఎర్ర గీత కింద పెన్సిలుతో 'నల్లబల్లకు అర్థం కాలేదు' అని రాసింది.

బీఈడీ అయిపోయాక ఆ ఏడాది నేర్చుకున్నదంతా మూటగట్టి మూల పెట్టాల్సి వచ్చింది. ముందు డీఎస్సీ ఉంది. దానికి పిల్లలతో మాట్లాడటం రావాల్సిన పని లేదు. బిట్లు రావాలి.

ఇంటికి పోలేదు నేను. ఇంటికి పోతే మగ్గం పని, పెళ్లి చూపులు రెండూ ఒకేసారి మొదలవుతాయి. మా నాయిన మగ్గం నేస్తాడు, అమ్మ ఆసు పోస్తుంది, అంటే మేకుల మీద పోగులు చుడుతుంది. పండక్కి పోయినప్పుడు అమ్మ ఆసు పోస్తుంటే పక్కన కూర్చొని విద్యా కమిషన్ల పేర్లు, ఏళ్లు పైకి చదువుకునేదాన్ని. "వుడ్స్ తాఖీదు 1854, హంటర్ 1882, సార్జెంట్ 1944, మొదలియార్ 1952-53, కొఠారీ 1964-66..." అమ్మ చేతి వేళ్లు మేకుల మీద అటూ ఇటూ పోతూనే ఉండేవి. మధ్యలో ఆగి, "నీ లెక్కలు నా లెక్కల్ల కలుస్తున్నయే, పోగులు తప్పుతున్నయి, అవుతలికి పో" అని కసిరేది. నాయిన నవ్వేవాడు. "ఇంకెన్నొద్దులు బిడ్డా?" అని అడిగేవాడు, పోరు పెట్టినట్టు కాదు, నిజంగా తెలుసుకుందామని. నాకూ తెలియదు. డీఎస్సీ ఎప్పుడొస్తుందో చెప్పగలిగినవాడు నల్లగొండలో ఎవడూ లేడు.

కోచింగ్‌కు దిల్‌సుఖ్‌నగర్ పోయేంత డబ్బు మా నలుగురిలో నకిరేకల్‌కే ఉంది. ఆమె పోయి, అక్కడి మెటీరియల్ పంపేది. మేం జిరాక్స్ తీయించుకునేవాళ్లం. క్లాక్ టవర్ దగ్గర జిరాక్స్ షాపు అన్నకు మా సిలబస్ మాకంటే బాగా తెలుసు. "సైకాలజీ కొత్తది వచ్చిందక్కా, మహబూబ్‌నగర్ వాళ్లు తెచ్చిండ్రు" అని పిలిచి మరీ ఇచ్చేవాడు. మిగతాదంతా తెలుగు అకాడమీ పుస్తకాలు, జిల్లా గ్రంథాలయం. అక్కడ పొద్దున తలుపు తీయకముందే చెప్పులు వరుసగా ఉండేవి, చోటు ఆపడానికి. ఈనాడు 'ప్రతిభ', సాక్షి 'భవిత' పేజీలు పది గంటలకల్లా చేతులు మారి మారి మెత్తబడిపోయేవి. ఎవరో మహానుభావులు కావాల్సిన బిట్లు బ్లేడుతో కోసుకుపోయేవాళ్లు. పేపరు పైకెత్తితే అవతల కూర్చున్న మనిషి కనిపించేవాడు. వాళ్లకు డీఎస్సీ వచ్చి ఉంటే, ఏ బడిలో ఉన్నారో, లైబ్రరీ పీరియడ్ ఎట్లా చెబుతున్నారో అని అప్పుడప్పుడూ ఆలోచన వస్తుంది.

సాయంత్రం కరెంటు పోతే డాబా మీదికి ఎక్కేవాళ్లం. ఎదురుగా చీకట్లో లతీఫ్ సాహెబ్ గుట్ట. సైకాలజీ బిట్లు ఒకరు అడగాలి, ముగ్గురు చెప్పాలి. చెప్పలేకపోతే మరునాడు నీళ్లు మోయాలి.

"కోహ్లర్ చింపాంజీ పేరేంది?"

"సుల్తాన్."

"పిల్లి ఎవరిది?"

"థార్న్‌డైక్‌ది."

"కుక్క?"

"పావ్లోవ్‌ది. ఏ, గిసొంటియి అడగకు, గట్టియి అడుగు."

ఇంటి ఓనరు వాళ్లకు ఒక మేక ఉండేది. కింద గేటు గొళ్లాన్ని మూతితో పైకెత్తి తీసేది. బయటికి పోయి పక్కింటి మునగాకు తినేది. దేవరకొండ అక్క దానికి సుల్తాన్ అని పేరు పెట్టింది. అయితే అది గొళ్లెం తీయడం అంతర్దృష్టి అభ్యసనమా (ఒక్కసారిగా తట్టి నేర్చుకోవడం), యత్నదోష అభ్యసనమా (తప్పులు చేస్తూ నేర్చుకోవడం) అని మా మధ్య పెద్ద పంచాయితీ. తిప్పర్తి అంతర్దృష్టి అనేది. నేను ఒప్పుకోలేదు. మొదట ఎన్నిసార్లు తలతో గుద్దిందో నేను చూశాను, తప్పులు తగ్గుతూ వచ్చాయి, అది ముమ్మాటికీ థార్న్‌డైక్ పిల్లే. చివరికి ఓనరమ్మ వచ్చి "మీరు సదువుకున్న పిల్లలు, గొళ్లానికి తాడు కట్టుండ్రి ముందు" అంది. తాడు కట్టాక సుల్తాన్ తాడు కూడా నమిలింది. దానికి ఏ సూత్రం వర్తిస్తుందో మా పుస్తకాల్లో లేదు.

2011లో టెట్ అనే కొత్త మాట వినపడింది. టీచర్ల చదువులు చూసే జాతీయ మండలి ఎన్‌సీటీఈ అంతకుముందు ఏడాది ఆగస్టులో తెచ్చిన నిబంధన అది. విద్యాహక్కు చట్టం వచ్చింది కదా, టీచరు కావాలంటే ముందు ఈ అర్హత ఉండాలన్నారు. 150 మార్కులు, రెండున్నర గంటలు. మాకు పేపర్-2. శిశు వికాసం 30, తెలుగు 30, ఇంగ్లిష్ 30, లెక్కలు-సైన్స్ 60. ఓసీలకు 60 శాతం, బీసీలకు 50, ఎస్సీ ఎస్టీలకు 40 వస్తే అర్హత. మొదట పాసైతే చాలనుకున్నాం. తర్వాత తెలిసింది, టెట్ మార్కులకు డీఎస్సీలో 20 శాతం వెయిటేజీ ఉందని. అంటే టెట్‌లో ఏడున్నర మార్కులు, డీఎస్సీలో ఒక మార్కు. ఇక ఒక్క బిట్టు కూడా వదలడానికి లేదు.

తిప్పర్తి భయమంతా ఇంగ్లిష్. తెలుగు మీడియం వాళ్లమే అందరమూ, కానీ మా ఊరి హైస్కూల్లో ఒక సారు చింతబరికె పట్టుకొని మాకు టెన్సులు నేర్పారు. ఆ పుణ్యాన నాకు గ్రామరు కాస్త వచ్చు. రోజూ రాత్రి తిండి తిన్నాక ఆమెకు ఆర్టికల్సు, ప్రిపోజిషన్లు, యాక్టివ్ పాసివ్ చెప్పేదాన్ని. ఆమె నాకు ఆప్టిక్స్, స్క్రూ గేజ్ లెక్కలు. స్క్రూ గేజ్‌లో శూన్యాంశ దోషం ఎప్పుడు కలపాలో, ఎప్పుడు తీసేయాలో నేను ఈ రోజు పిల్లలకు తడుముకోకుండా చెబుతున్నానంటే అది తిప్పర్తి పుణ్యమే.

టెట్ 2011 జూలై 31న జరిగింది. రిజల్ట్ వచ్చాక నలుగురం అర్హులమయ్యాం. తిప్పర్తికి నాకంటే 12 మార్కులు ఎక్కువ. ఎక్కడ ఎక్కువయ్యాయో చూసుకుంటే ఇంగ్లిష్‌లోనే.

ఆ సెప్టెంబర్ 13న సకల జనుల సమ్మె మొదలైంది. 42 రోజులు. బస్సుల్లేవు, బడుల్లేవు, టీచర్లే రోడ్డు మీద ఉన్నారు. మేం కాబోయే టీచర్లం ఏం చేయాలో అర్థం కాలేదు. క్లాక్ టవర్ సెంటర్‌లో వంటావార్పు జరిగితే వెళ్లి ఉల్లిగడ్డలు కోశాం. అక్కడే అరుగు మీద కూర్చొని పప్పన్నం తిన్నాం. పక్కన కూర్చున్న ఒక పెద్దసారు మా చేతిలో బిట్ బ్యాంక్ చూసి, "తెలంగాణ వస్తే పోస్టులొస్తయి, చదువుండ్రి బిడ్డా" అన్నారు. పోస్టులు ముందొస్తాయో తెలంగాణ ముందొస్తుందో అని మాలో మేమే పందెం కాసుకున్నాం. డీఎస్సీయే ముందొచ్చింది.

నోటిఫికేషన్ వచ్చిన రోజు ఎవరూ చదవలేదు. అందరం రోస్టరు లెక్కల్లో పడ్డాం. డీఎస్సీ అంటే జిల్లా పోస్టు. ఏ సబ్జెక్టుకు ఎన్ని, ఏ మీడియంకు ఎన్ని, జనరల్‌కెన్ని, మహిళలకెన్ని, ఏ బీసీ గ్రూపుకెన్ని అని పట్టికలుంటాయి. ఫిజికల్ సైన్స్ పోస్టులు ఎప్పుడూ తక్కువే. నాది బీసీ-బీ. తిప్పర్తి వాళ్లు గౌడ్లు, వాళ్లూ బీసీ-బీయే. ఇద్దరం మహిళలం, లోకల్, తెలుగు మీడియం, ఒకే సబ్జెక్టు. ఆ పట్టికలో వేలు పెట్టి అడ్డంగా నిలువుగా వచ్చి చూస్తే ఇద్దరి వేళ్లూ ఒకే గడి మీద ఆగాయి. పైన ఓపెన్‌లో రావాలంటే జిల్లా టాపర్లమై ఉండాలి. కాకపోతే ఆ గడే గతి.

ఆ సాయంత్రం డాబా మీద ఎవరూ బిట్లు అడగలేదు. దేవరకొండ అక్క బయాలజీ, నకిరేకల్ లెక్కలు, వాళ్లకు ఈ బాధ లేదు. అక్కే అంది, "గదులు మార్చుకుంటరా?" అని. వేరే ఎవరైనా అయితే మార్చుకునేవాళ్లేమో. మా ఇద్దరికీ నోట్సులు ఒకటే. శక్తి నిత్యత్వం నా దగ్గర, కాంతి ఆమె దగ్గర. విడిపోతే ఇద్దరికీ సగం సిలబస్సే మిగిలేది. కలిసే చదివాం. ఆ నెలల్లో ఆమెకు తెలిసిన బిట్టు ఏదైనా నాకు చెప్పకుండా దాచిందేమో అని నాకు ఎన్నోసార్లు అనుమానం వచ్చింది. ఆమెకూ వచ్చే ఉంటుంది. ఎవరం అడగలేదు.

పరీక్ష ఆగస్టులో. 160 బిట్లు, 80 మార్కులు, బిట్టుకు అర మార్కు. బయటికొచ్చి గేటు దగ్గర చెరుకు రసం తాగుతూ కీ సరిచూసుకోలేదు, అదొక్కటే ముందే అనుకున్నాం.

ఫలితాల్లో నాకు ఆమెకంటే మూడు బిట్లు ఎక్కువ. అంటే ఒకటిన్నర మార్కు. టెట్‌లో ఆమెకు ఎక్కువొచ్చిన 12 మార్కులు వెయిటేజీలో 1.6. కలిపితే ఆమె 0.1 ముందు. ఆ గడిలో ఉన్న పోస్టు ఆమెకు వచ్చింది.

ఆ సంగతి నేను చాలా ఏళ్లు చల్లగా చెప్పలేకపోయాను. కడుపులో మండింది, ఇప్పుడు అనుకుంటే సిగ్గేమీ లేదు. అందులోనూ ఆ 0.1 నేను నేర్పిన ఇంగ్లిష్‌దే అని మనసులో ఒక మాట పురుగులాగా తొలిచేది. గది ఖాళీ చేసి చండూరు పోయాను. కొన్నాళ్లకు తిప్పర్తి మా ఇంటికొచ్చింది. అప్పటికే దేవరకొండ అవతల ఒక తండా దగ్గరి హైస్కూల్లో జాయినయింది. గడప దాటకుండా నిలబడింది. అమ్మ ఆసు వదిలి లేచి, లోపలికి తీసుకొచ్చి, చెంబెడు నీళ్లిచ్చి అంది కదా, "నీకొచ్చినా దానికొచ్చినా నల్లగొండ జిల్లా దాటి పోలె గదా నౌకరు." అమ్మకది ఓదార్పు. నాకు ఒళ్లు మండింది. తిప్పర్తి మాత్రం ఫక్కున నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది. నేను టీ పెట్టడానికి లోపలికి పోయాను.

తర్వాత కొన్నేళ్లు ప్రైవేటు స్కూలు. దాని గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. ఎండాకాలం జీతం ఉండదు, ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ల బీరువాలో ఉంటాయి, అడ్మిషన్ల కోసం ఇల్లిల్లూ తిరగాలి. తెలంగాణ వచ్చింది. పెళ్లయింది, పాప పుట్టింది. దేవరకొండ అక్కను తలుచుకుంటూ నేనూ పాపను అమ్మ దగ్గర వదిలి మళ్లీ పుస్తకాలు తీశాను. తీస్తే ఏముంది, పాఠ్యపుస్తకాలే మారిపోయాయి. పదో తరగతికి 2014లో కొత్త పుస్తకాలొచ్చాయి. మేం రాత్రుళ్లు కూర్చొని రాసుకున్న లక్ష్యాలు, స్పష్టీకరణలు పోయి విద్యాప్రమాణాలు వచ్చాయి. విషయావగాహన, ప్రశ్నించడం-పరికల్పనలు చేయడం, ప్రయోగాలు... పాత బిట్ బ్యాంకులు అటకెక్కించాల్సిందే.

అప్పుడు తిప్పర్తే ఆదుకుంది. ఆదివారం ఆదివారం బస్సెక్కి వచ్చేది. చేతిలో ఆరు నుంచి పది దాకా కొత్త పుస్తకాలు, టీచర్ల ట్రైనింగ్‌లో ఇచ్చిన మాడ్యూళ్లు. "ఇవి బిట్ల పుస్తకాలు కావే, చెయ్యాలె వీటిని" అని మా వంటింట్లోనే లిట్మస్ పేపరు, పసుపు, సున్నం ముందేసుకొని కూర్చునేది. ఆమె అప్పటికే నాలుగైదేళ్లు పాఠం చెప్పిన మనిషి. బోర్డు వైపు తిరిగి మాట్లాడే అలవాటు ఎప్పుడో పోయింది. నాకు ఈసారి పోటీ ఎవరో ముఖం తెలియదు. అది హాయిగా ఉండేదని చెప్పను, ఏదో లోటుగానే ఉండేది.

2017 అక్టోబర్‌లో టీఆర్‌టీ (డీఎస్సీకే కొత్త పేరు) నోటిఫికేషన్, 8,792 పోస్టులు. మొదట కొత్త 31 జిల్లాల లెక్కన ఇచ్చారు, హైకోర్టు మాటతో మళ్లీ పాత పది జిల్లాలకు మార్చారు. రోస్టరు లెక్కలు రెండుసార్లు వేసుకున్నాం. టెట్ సర్టిఫికెట్‌కు అప్పట్లో ఏడేళ్లే గడువు కాబట్టి నా 2011 టెట్ ఇంకా చెల్లుతుంది. కానీ ఆ 12 మార్కుల మంట ఊరికే పోతుందా, అంతకుముందు జూలైలోనే మళ్లీ రాశాను. ఇంగ్లిష్‌లో ఈసారి మంచిగొచ్చాయి. 2018 మొదట్లో పరీక్ష, ఆ తర్వాత కేసులు, లిస్టులు, మళ్లీ కేసులు. 2019లో ఆర్డరు చేతికొచ్చింది. నాయిన దాన్ని మగ్గం గుంటలోంచి లేవకుండానే అందుకొని, చేతులకు రంగుందని ధోవతితో తుడుచుకొని, ఇంగ్లిష్‌లో ఉన్నదాన్ని తలకిందులుగా పట్టుకొని చాలాసేపు చూశాడు.

మొదటిరోజు బడికి తిప్పర్తి తోడొచ్చింది, సెలవు పెట్టి. హెడ్‌మాస్టరు ఇద్దరినీ చూసి ఎవరు జాయినింగ్ అని అడిగారు.

ఇప్పుడు మేమిద్దరం పదో తరగతి స్పాట్ వాల్యుయేషన్‌లో ఏటా కలుస్తాం. మధ్యాహ్నం టిఫిన్లు పంచుకుంటాం. సర్వీసులో ఆమె నాకు చాలా సీనియర్. 2024లో బదిలీలు పడ్డప్పుడు ఇద్దరి పేర్లూ లిస్టులో ఉన్నాయి. వెబ్ ఆప్షన్లు పెట్టుకునే ముందురోజు రాత్రి ఫోన్ చేసింది.

"చండూరూ, ఫస్ట్ ఆప్షన్ ఏ ఊరు పెడుతున్నవే?"

"నువ్వు చెప్పు ముందు."

"నేను అడిగిన గదా."

ఇద్దరం చెప్పలేదు. పిల్లల సంగతులు మాట్లాడుకొని పెట్టేశాం. నల్లగొండకు దగ్గరగా, బస్సు దిగితే నడిచిపోయేంత దూరంలో ఉన్న ఆ బడి మీద ఇద్దరి కన్నూ ఉందని ఇద్దరికీ తెలుసు. ఆమెకు పాయింట్లు ఎక్కువ. ఆ బడి ఆమెకే వచ్చింది. నాకు మూడో ఆప్షన్ వచ్చింది. ఇప్పుడు రోజూ రెండు బస్సులు మారుతున్నాను. సోషల్ సారుకు నోట్సు ఇచ్చేముందు తిప్పర్తిని అడిగితే, "ఇయ్యి, ఇంగ్లిష్ పార్టు మాత్రం నీ చేతిరాతదే ఇయ్యి, మంచిగ పనిచేస్తది" అంది.